ఒక సైజు పెద్ద బూట్లు

టార్నీట్,
జులై 16

నీలిమకు,

కాగితం మీద రాస్తున్నానని ఆశ్చర్యపోకు. ఫోన్ చేస్తే మూడో మాటకే మనిద్దరి గొంతులూ లేస్తాయి. మీ అన్నయ్య టీవీ కట్టేసి మరీ వింటారు. మెసేజ్ పెడదామంటే తన్మయి తన ఫోన్ కంటే నా ఫోనే ఎక్కువ చూస్తుంది. దానికి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. పోస్టు డబ్బా ఈ ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ తెరవరు. అందుకని ఇలా రాస్తున్నాను.

నీ మేనకోడలు ఆదివారం విమానం దిగింది. ఇక్కడి చలికాలపు రెండు వారాల స్కూలు సెలవులకని నీ మంచు కొండల్లోకి నడుస్తూ వెళ్ళిన పిల్ల, కొంగలా అడుగు తీసి అడుగు వేస్తూ తిరిగొచ్చింది. ఏమైందే అంటే 'జస్ట్ సోర్, అమ్మా' అంది. మీ అన్నయ్య సంగతి నీకు తెలిసిందే, 'నీ ఆడపడుచు బాగా తిప్పి ఉంటుంది' అని నవ్వేసి ఊరుకున్నారు. నాకు మాత్రం అప్పుడే అనుమానం వచ్చింది. రోజూ ఫోటో పంపమంటే పంపింది కదా, నేను కొన్న స్కీ బూట్లు వేసుకుని, నవ్వుతూ. ఆ నవ్వే పిల్ల ఇలా ఎలా అయింది?

మర్నాడు పులావు చేద్దామని ఫ్రీజర్ తెరిస్తే బఠాణీల ప్యాకెట్ లేదు. వెతగ్గా వెతగ్గా దాని దుప్పటి కింద దొరికింది, నా చున్నీలో చుట్టి కాళ్ళ మీద పెట్టుకుంది. ప్యాంటు పైకి లాగి చూశాను. మోకాలికీ చీలమండకీ మధ్య ముందెముక పొడవునా రెండు కాళ్ళూ కమిలిపోయి ఉన్నాయి. ఐస్ పెట్టమని ఎవరు చెప్పారే అంటే 'అత్త' అంది. రాత్రే నీకు మెసేజ్ పెట్టిందట.

ఆ గోడకి అవతల నేను పడుకుని ఉన్నాను, నీలిమా. గోడ అవతల ఉన్న తల్లిని వదిలేసి వేరే రాష్ట్రంలో ఉన్న నీకు చెప్పింది.

బఠాణీలు తీసి పారేసి, నువ్వులనూనె వెచ్చచేసి గట్టిగా మర్దనా చేశాను. ఉప్పు మూటతో కాపడం పెట్టాను. పళ్ళు బిగబట్టుకుని పడుకుంది గానీ నొప్పి అని ఒక్క మాట అనలేదు. పొద్దున్నకి ఇంకా వాచింది. నువ్వు అక్కడ ఫిజియోవి, మంచులో కాళ్ళు పాడుచేసుకున్న వాళ్ళందరినీ బాగుచేసే మనిషివి. మా పిల్ల దగ్గరికొచ్చేసరికి ఆ చదువంతా ఏమైంది?

వచ్చినప్పటినుంచీ దాని నోట అత్త మాటే. అత్త కారులో పాటలు పెద్దగా పెట్టుకుంటుంది, అత్త ఉప్మాలో జీడిపప్పు వేస్తుంది. నేనూ వేస్తాను జీడిపప్పు, కావాలంటే మీ అన్నయ్యని అడుగు.

ఆగస్టు ఆఖర్లో స్కూలు వాళ్ళ స్కీ క్యాంపు ఉంది కదా, దాని పేరు తీయించేద్దామనుకుంటున్నాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని నువ్వు అనుకుంటావని తెలుసు. అనుకో.

బిందుమాధవి


జిండబైన్,
జులై 21

వదినకు,

నీ చేతిరాత చూసి చాలా ఏళ్ళయింది. ఉత్తరం చదివాక ఇంకొన్నేళ్ళు చూడకపోయినా ఫరవాలేదనిపించింది.

ముందు ఆ నూనె సీసా అలమరలో పెట్టు. కమిలిన చోట మర్దనా చెయ్యకూడదు, వేడి తగలకూడదు. బూటు ముందు భాగంలో నాలుక ఉంటుంది చూడు, గట్టి ప్లాస్టిక్‌ది, పిల్ల మంచు మీద జారుతున్నంతసేపూ కాలి ముందెముక వెళ్ళి దానికి కొట్టుకుంటుంది. ఎముక మీది పొర వాచిపోతుంది. ఇక్కడ సీజన్ మొదలైతే నా క్లినిక్‌లో రోజూ ఇదే గోల. ఆ బఠాణీలే దానికి మందు. గుడ్డలో చుట్టి పావుగంట పెట్టి తీసెయ్యాలి, రోజులో మూడు నాలుగు సార్లు. కాళ్ళు దిండు మీద ఎత్తుగా పెట్టి పడుకోమను. పరుగులు, స్కూల్లో ఆడే నెట్‌బాల్ కొన్నాళ్ళు వద్దు. వేలితో ఎముక వెంబడి మెల్లగా నొక్కి చూడు. అంతటా కాస్త కాస్త నొప్పిగా ఉంటే తగ్గిపోతుంది. ఏదో ఒక్క చోట వేలు పెట్టగానే ఎగిరిపడినా, పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించు. ఎముకలో సన్నని చీలిక ఉండొచ్చు.

అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టు నా మీద కోపం దాని కాళ్ళ మీద చూపించావు. అంత గట్టిగా ఎందుకు రుద్దావో నాకు తెలుసు, నీకూ తెలుసు.

బూట్లు కొంచెం వదులయ్యాయి. చూసుకోవలసింది నేను, చూసుకోలేదు. తప్పంతా నా మీద వెయ్యి, నాకు అభ్యంతరం లేదు. అంతకంటే అడగకు.

క్యాంపు మాత్రం మాన్పించకు. దాని వయసు పిల్లలు భయంతో బిగుసుకుపోయే చోట అది హాయిగా మలుపు తీసుకుంటుంది. కొండ మీద నుంచి వస్తుంటే నా పక్కనున్న వాళ్ళు మీ అమ్మాయా అని అడిగారు. నేను కాదని చెప్పలేదు. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

ఒకటి అడుగుతాను, వదినా. పిల్ల కాలు నొప్పిగా ఉందని కోపమా, ఆ నొప్పి నాకు చెప్పిందని కోపమా?

నీలిమ


టార్నీట్,
జులై 30

నీలిమకు,

డాక్టర్‌కి చూపించాను. ఎముక బాగానే ఉంది. కొన్ని వారాలు విశ్రాంతి తీసుకుంటే చాలన్నాడు. నువ్వు రాసినవన్నీ అక్షరం పొల్లుపోకుండా ఆయనా చెప్పాడు, దాంతో నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. నూనె మానేశాను. వాపు తీసింది.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు రెండోదే. ఇప్పుడు సంతోషమా? నేను పెళ్ళయి తణుకులో మీ ఇంటికి వచ్చేనాటికి నువ్వు ఇంటర్ చదువుతున్నావు. రోజూ పొద్దున్న నా ముందు కూర్చుని జడ వేయించుకునేదానివి. అప్పుడు నీకు ఏ నొప్పి వచ్చినా మీ అమ్మకి చెప్పకుండా నాకే చెప్పేదానివి. మీ అమ్మ ఒకసారి వంటింట్లో ఆ మాట అని మొహం తిప్పుకుంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇక బూట్ల సంగతి. వదులయ్యాయని చల్లగా ఒక మాట రాసేశావు. అవి నేను కొన్న బూట్లు. పక్క వీధి కోటేశ్వరరావు గారి అబ్బాయి ఒక్క సీజనే వాడినవి, కొత్తవాటిలా ఉన్నాయి. ఒక సైజు పెద్దవి తీసుకున్న మాట నిజం. ఎదిగే పిల్లకి అందరూ అలాగే కొంటారు. మనందరం స్కూలు బూట్ల ముందు దూది కుక్కుకుని తిరిగినవాళ్ళమే, ఎవరి కాళ్ళూ విరగలేదు. నువ్వు మే నెలలో వీడియో కాల్ చేసి, దానికోసం కొత్త బూట్లు కొని పెట్టానని అటూ ఇటూ తిప్పి చూపించావు చూడు, మర్నాడే వెళ్ళి కొన్నాను. నా పిల్లకి కావలసింది కొనడానికి నేను ఇంకా ఉన్నాను.

ఇప్పుడు నేను అడుగుతాను. రోజూ కాళ్ళు చూసే దానివి, బూటులో పిల్ల పాదం ఆడుతోందని నీకు మొదటి రోజే తెలియలేదా? తెలిసే ఉంటుంది. వదిన కొన్నవి ఎంత పనికిమాలినవో దాని కాళ్ళ మీదే తేలనీ అని ఊరుకున్నావా? నువ్వు కొన్న ఆ కొత్త బూట్లు ఏం చేశావు, గాజు బీరువాలో పెట్టుకున్నావా?

క్యాంపుకి పంపను. వచ్చే ఏడాది సెలవులకి నీ దగ్గరికీ పంపను. మీ అన్నయ్యకి కూడా చెప్పేశాను. ఆయన పెరట్లో గడ్డి కోయడానికి వెళ్ళిపోయారు.

బిందుమాధవి


జిండబైన్,
ఆగస్టు 5

వదినకు,

నీకు ఇది చెప్పకూడదనుకున్నాను. పంపను అన్నావు కాబట్టి చెబుతున్నాను. జాగ్రత్తగా చదువుకో.

ఆ కొత్త బూట్లు బీరువాలో పెట్టలేదు. పిల్ల వచ్చిన మొదటి రోజే కొట్టుకి తీసుకెళ్ళి, దాని పాదం కొలిపించి, బూట్లు వేడిచేయించి దాని కాలి ఆకారానికి ఒత్తించి తెచ్చాను. మర్నాడు పొద్దున్న గుమ్మంలో రెండు జతలూ పక్కపక్కన పెట్టాను. అది కాసేపు చూసింది. నావి తొడిగి చూసుకుంది, అటూ ఇటూ నడిచింది, మురిసిపోయింది. తరవాత విప్పేసి నువ్వు కొన్నవి వేసుకుంది.

అవి వద్దు, పెద్దవి అని చెప్పాను. విన్లేదు. అప్పటికే రెండు జతల సాక్స్ వేసుకుని ఉంది, మూడో జత కూడా తొడుక్కుంది. సాక్స్ ఎక్కువైతే మడతలు పడి ఇంకా ఒరుసుకుంటాయని చెప్పాను. కోప్పడ్డాను కూడా. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అంది, "అమ్మ కొంది అత్తా. షీ ఆస్క్స్ ఫర్ ఎ ఫోటో ఎవ్రీ డే. ఫోటోలో నీ బూట్స్ కనిపిస్తే అమ్మ ఫీల్ అవుతుంది."

ఫోటో దిగాక మార్చుకోమన్నాను. అలా చేస్తే అబద్ధం అవుతుందంది. ఎవరు నేర్పారో గానీ.

మూడో రోజుకే కుంటడం మొదలైంది. ఆ రోజు ఇంట్లో ఉంచేశాను. మర్నాడు నువ్వు ఫోటో ఏదని మెసేజ్ పెట్టావు. నాకు చెప్పకుండా ఆ బూట్లే వేసుకుని కొండెక్కింది. నొప్పికి భయపడి వెనక్కి వాలుతూ జారింది. వెనక్కి వాలితే కాలు ఇంకా ఎక్కువ కొట్టుకుంటుంది. సాయంత్రం వచ్చి సోఫాలో పడి, అమ్మకి చెప్పనని మాటివ్వమంది. నీకు నొప్పి చెప్పకపోవడానికి కారణం ఇదీ. చెబితే బూట్ల మాట వస్తుంది. ఆ తరవాత కూడా నేను క్లినిక్‌కి వెళ్ళగానే ఫోటో కోసం ఆ బూట్లతోనే కొండెక్కేది.

దానికి మాటిచ్చానని నేను ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాననుకోకు. నా నోట్లో నువ్వుగింజ నానదని మీరే అంటారు కదా. అంత మంచిదాన్ని కాను. నిజం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. దానికి నడక వచ్చినప్పటినుంచి మంచు చూపించాను, ఈ కొండల్లో దారి నేర్పాను, దాని పాదం కొలత కూడా నాకు తెలుసు. అయినా అది నీకోసం ఎముక కమిలిపోయేదాకా ఓర్చుకుంది. నాకోసం ఒక్క పూట కూడా ఆ బూట్లు విప్పలేదు. ఈ సంగతి నీకు తెలిస్తే నువ్వు ఎంత పొంగిపోతావో ఊహించుకుంటేనే నాకు కడుపు మండింది. దానికంటే బాధ్యత తెలియని అత్త అని నువ్వు తిట్టడమే నయమనుకున్నాను.

నాకు పిల్లల్లేక ఇలా అంటున్నానని మాత్రం అనుకోకు. పదిమంది ఉన్నా దాని విషయంలో ఇలాగే ఉండేదాన్ని.

కాలు నయమయ్యాక అది మళ్ళీ ఆ బూట్లే వేసుకుంటుంది. నేను చెబితే వినదు. ఆ మాట నువ్వే చెప్పాలి.

నీలిమ


టార్నీట్,
ఆగస్టు 14

నీలిమకు,

నీ ఉత్తరం స్టేషన్ కారు పార్కింగులో కూర్చుని చదివాను. చదవగానే సంతోషం వేసింది. నా కూతురి కాళ్ళు కమిలింది నాకోసమని తెలిసి సంతోషించాను, నీలిమా. ట్రైన్ దిగిన వాళ్ళందరూ కార్లు తీసుకుని వెళ్ళిపోయేదాకా అలాగే కూర్చుని ఉన్నాను. ఆ తరవాత ఆ ఫోటోలు మళ్ళీ చూశాను. నవ్వుతున్న మొహమే చూశాను ఇన్నాళ్ళూ. నాలుగో ఫోటోలో ఒక చేత్తో కంచె పట్టుకుని నిలబడింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. మా పిల్లకి ఆ అవసరం కూడా లేకపోయింది, నా కడుపుమంటే వెళ్ళి దాని కాళ్ళ మీద పడింది.

నువ్వు మాట తప్పావని దానికి తెలుస్తుందని నీ ఉత్తరం సంగతి ఎత్తలేదు. శనివారం ఆ బూట్లు వంటింట్లోకి తెచ్చి ఒకసారి వేసుకుని చూపించమన్నాను. మహా ఇష్టంగా వేసుకుంది. నిలబడి ముందుకి వంగమంటే మడమ పైకి లేచిపోయింది, నాకే కనిపించింది. పెద్దవయ్యాయి కదే అన్నాను. "నో అమ్మా, దే ఆర్ పర్ఫెక్ట్. ఐ విల్ గ్రో" అంది. నా మాటే నాకు అప్పజెప్పింది.

అప్పుడు నేల మీద దాని పక్కన కూర్చున్నాను. పిల్లలతో ఇలాంటి మాట మనింట్లో ఎవరూ ఎవరితోనూ అనగా నేను వినలేదు. మీ అమ్మ నాతో అనలేదు, మా అమ్మ అసలే అనలేదు. అయినా "నేను తప్పు సైజు కొన్నాను తన్మయీ. ఇవి వేసుకోవడం వల్లే నీ కాళ్ళు నొప్పి పుట్టాయి. వీటిని ఇచ్చేస్తున్నాను. నాకేం బాధ లేదు" అన్నాను.

నా మొహంలోకి అలాగే చూసింది. నిజంగానే బాధ లేదా అని వెతుకుతోంది. నేను బింకంగా కూర్చున్నాను. తరవాత అది ఏమందో విను. "దెన్ కెన్ ఐ వేర్ అత్తాస్ బూట్స్?"

ఒక్క క్షణం కూడా ఆగలేదు. అవి దాని పాదానికి అచ్చు గుద్దినట్టుంటాయట, లోపల మెత్తగా ఉంటాయట, రంగు కూడా బావుంటుందట. ఎన్నాళ్ళనుంచి మనసులో పెట్టుకుందో, అరగంట చెప్పింది. నేను ఊఁ కొడుతూ కంది పప్పు కడిగాను. పప్పు ఎన్నిసార్లు కడిగానో నాకే తెలియదు.

డాక్టర్ సరేనన్నాడు. కాళ్ళు నొక్కి చూస్తే ఇప్పుడు ఎక్కడా నొప్పి లేదు. రోజూ మునివేళ్ళ మీద లేచి దిగుతూ, మడమల మీద నడుస్తూ నువ్వు చెప్పిన వ్యాయామాలేవో చేస్తోంది. క్యాంపుకి పంపుతున్నాను. పిల్లలకి తోడుగా తల్లిదండ్రులు కూడా రావొచ్చని స్కూలు వాళ్ళు రాశారు. నేను పేరిచ్చాను. మంచంటే నాకు ఎంత భయమో నీకు తెలుసు, అయినా ఇచ్చాను.

కాబట్టి ఆ బూట్లు పార్సెల్‌లో పంపించు. ఈ మాట రాయడానికి నాకు ఒక పూట పట్టింది. క్యాంపుకి నువ్వు మాత్రం రాకు. క్యాంపు జరిగే మౌంట్ బుల్లర్ నీకు ఒక రోజు ప్రయాణమేనని, సెలవు పెట్టుకుని వచ్చేయగలవని తెలుసు. ఈ ఒక్కసారికి రావద్దు. నువ్వు ఎదురుగా ఉంటే అది నీ దగ్గరికే పరుగెత్తుతుంది. దాని కాళ్ళకి బూట్లు నేనే తొడుగుతాను. ఎలా తొడగాలో నాకు తెలియదు. వివరంగా రాయి.

బిందు


జిండబైన్,
ఆగస్టు 19

వదినకు,

పార్సెల్ ఈ రోజే పంపాను. నిన్న రాత్రి డబ్బాకి టేపు వేసి, విప్పి, మళ్ళీ వేశాను. సెలవు కూడా అప్పటికే పెట్టేసి ఉన్నాను, నువ్వు ఎలా కనిపెట్టావో తెలియదు. ఇవాళ రద్దు చేయించుకున్నాను.

బూట్లు తొడగడం చెబుతాను. సాక్స్ ఒక్క జతే, పల్చటివి, మోకాలి దాకా వచ్చేవి. డబ్బాలో పెట్టాను. చలేస్తుందని నువ్వు ఇంకో జత వేస్తావు, వెయ్యకు. కింద ఒక్క మడత కూడా లేకుండా పైకి లాగు. లోపల వేసుకునే థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి పోనివ్వకు, పైకి మడిచెయ్యి. బూటు రాత్రంతా చల్లటి చోట పెట్టొద్దు, ప్లాస్టిక్ బిర్రుగా అయిపోయి కాలు దూరదు. నాలుకని రెండు చేతులా ముందుకి లాగి పట్టుకుంటే పాదం జారుతుంది. జారాక మడమని వెనక్కి నేల మీద తన్నమను, రెండు మూడు సార్లు. అప్పుడు మోకాళ్ళు వంచి ముందుకి వాలమను. వాలి ఉండగానే పై బకిల్స్, అంటే బూటు బిగించే కొక్కేలు, పెట్టు, తరవాత కిందవి. బిగించడం పిడికిలి బిగించినట్టు కాదు, చెయ్యి పట్టుకున్నట్టు ఉండాలి. ముందెముక నాలుకకి మెత్తగా ఆని ఉండాలి, మధ్యలో వేలు దూరకూడదు.

జారేటప్పుడు భయపడితే వెనక్కి వాలుతుంది. అది భయపడదు గానీ నువ్వు కింద నిలబడి జాగ్రత్త, జాగ్రత్త అని అరిస్తే భయపడుతుంది. అరవకు. మధ్యాహ్నం తిండికి వచ్చినప్పుడు బకిల్స్ వదులు చేసి కాసేపు కాళ్ళకి గాలి తగలనివ్వు. నొప్పి అంటే ఆ రోజుకి ఆట కట్టు, ఎంత బతిమాలినా సరే. ఈసారి నొప్పి వస్తే నీకే చెబుతుంది. నాకు ఆ నమ్మకం ఉంది, అది తలుచుకుంటే నాకు మంటగానూ ఉంది.

ఇంకొకటి ఉంది. ఇది రాయకుండా ఉందామని చాలాసేపు చూశాను. బకిల్స్ పెట్టడానికి నువ్వు మోకాళ్ళ మీద కూర్చుంటావు కదా. ఒంటికాలి మీద నిలబడ్డ పిల్ల పడిపోకుండా నీ తల మీద చెయ్యి వేస్తుంది. అడిగి వెయ్యదు, వేశానని దానికి తెలియను కూడా తెలియదు. ఫోన్‌లో ఏదో చూసుకుంటూనో, ఎవరితోనో మాట్లాడుతూనో తన బరువంతా ఆ చేతి మీద వేసి నిలబడుతుంది. దాని చిన్నప్పటినుంచి ఏటా ఆ చెయ్యి కోసమే నేను నాలుగు బకిల్సూ మెల్లిగా, ఒకటి పెట్టి ఇంకొకటి సరిచేస్తూ పెడతాను.

ఈ ఏడాదికి నువ్వు తీసుకో. తొందరపడి పెట్టేయకు.

నీలిమ